పదకొండు కుర్చీ దెబ్బలు

సాలిగ్రామం, చెన్నై

చి. తమ్ముడికి,

ఆశీస్సులు. అమెరికా రెజ్లర్ మిక్ ఫోలీ నెత్తురోడిన పది మ్యాచ్‌ల మీద నువ్వు రాసింది మొన్న రాత్రి చదివాను. మధ్యలో కరెంటు పోతే ఫోన్ వెలుగులో చదివి ముగించాను. కాబట్టి చదివించే గుణం నీ రాతలో ఉంది, ఆ విషయంలో టెన్షన్ పడకు.

కానీ నాలుగో మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి నాకు నొప్పి తెలియడం మానేసింది. చిక్కటి నెత్తురు, వెచ్చటి నెత్తురు, ధారలు కట్టిన నెత్తురు. పెళ్లి భోజనంలో పాయసంతో సహా అన్నింట్లోనూ ఆవకాయ కలిపినట్టుంది. మావాడు చిన్నప్పుడు మాంబళం స్టేషన్ బయట రెజ్లింగ్ ట్రంప్ కార్డులు కొనిపించుకునేవాడు. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు. ఒక కార్డు తిప్పడం, అంకె అరవడం, పక్కన పడేయడం. నువ్వూ మ్యాచ్‌లని అలాగే తిప్పుకుంటూ పోయావు. పదింటిలో మూడు ఉంచుకో. మిగతావి మరీ అవసరమైతే ఒక్కో వాక్యంలో దాటెయ్.

మ్యూనిక్ సంగతి చూడు. 1994 మార్చి, ప్రత్యర్థి వేడర్. "వేడర్ ఆయన చెవి పీకేశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. జరిగింది అంత తేలిక కాదు, అంత నాటకీయమూ కాదు. పైతాడుకీ రెండో తాడుకీ మధ్య తల ఇరికించుకుని ఉరిపడ్డట్టు వేలాడటం ఫోలీ ఎన్నోసార్లు చేసిన విద్యే. ఆ రోజు రింగు తాళ్లు మామూలుకంటే బిగుతుగా కట్టి ఉన్నాయి. తల బయటికి లాక్కునేటప్పుడే కుడిచెవి చీలింది. అయినా మ్యాచ్ ఆగలేదు. ఆ తర్వాతి పెనుగులాటలో ఆ ముక్క ఊడి పడింది. రిఫరీ దాన్ని కింద నుంచి తీసి రింగ్ అనౌన్సర్‌కి ఇచ్చాడు. మైకు పట్టుకోవాల్సిన మనిషి చేతిలోకి చెవి ముక్క వచ్చింది! ఇంత మంచి దృశ్యం నీ కళ్లెదుట ఉండగా నువ్వు "భయానకం" అనే మాట వెతుక్కుంటూ కూర్చున్నావు.

నేనూ చేశానులే ఈ తప్పు. కుర్రతనంలో మదురై వైపు జల్లికట్టు చూసొచ్చి ఒక పత్రికకి రాశాను. రక్తం అన్న మాట ఏడుసార్లు పడింది. ఎడిటర్ ఏడూ కొట్టేసి, ఎద్దు కుమ్మిన మనిషి లేచి నిలబడి తన రెండో చెప్పు కోసం వెతుక్కున్నాడన్న వాక్యం ఒక్కటీ ఉంచాడు. నాకు నెల రోజులు ఒళ్లు మండింది.

ఇంకో మాట. నీ వ్యాసం చదివినవాడు ముందు అడిగేది "అదంతా డ్రామానే కదా గురూ" అని. నువ్వు దాన్ని తప్పించుకు తిరిగావు. ఎదురెళ్లి చెప్పు. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, నిజమే. మా పక్క పోర్షన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, వడపళని స్టూడియోల్లో ముప్పై ఏళ్లు ఫైటర్‌గా చేశారు. ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులేసి, వాటి మీదకి దూకేవాళ్లు. ఒకసారి ఒక వరస పెట్టెలు పక్కకి జరిగిపోయాయి. ఆయన ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు, కాఫీ గ్లాసు కుడిచేత్తోనే అందుకుంటారు. "హీరో గెలుస్తాడని నాకు తెలుసు బాబూ, నా మోచేతికి ఎవరూ చెప్పలేదు" అంటారు.

పిట్స్‌బర్గ్ మ్యాచ్‌కి ఇదే తాళంచెవి. 1998 జూన్ 28, ప్రత్యర్థి అండర్‌టేకర్. రింగు చుట్టూ, పైనా కప్పేసిన ఇనపజాలీ బోను. దాని ఎత్తు 22 అడుగులని రాశావు. 16 అడుగులు. పెంచక్కర్లేదు. మీ వేళచ్చేరి ఫ్లాట్ కింద కారు పార్కింగ్ ఉంటుంది కదా, దాని పై అంతస్తు బాల్కనీలో నిలబడి కిందకి చూడు. నీ కళ్లు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి. అండర్‌టేకర్ ఆయన్ని అక్కణ్ణుంచి కామెంటేటర్ల బల్ల మీదకి విసిరేశాడు. అది ముందే అనుకున్న పతనం. స్ట్రెచర్ మీంచి లేచి ఫోలీ మళ్లీ బోను ఎక్కాడు. ఈసారి అండర్‌టేకర్ ఆయన్ని ఎత్తి బోను పైకప్పు మీద పడేస్తే, ఇనపజాలీ ఊడిపోయి రింగులోకి పడ్డాడు. అది ఎవరూ అనుకోనిది. పైనున్న కుర్చీ వెనకాలే వచ్చి మొహాన పడింది. పన్ను ఒకటి ముక్కులోకి వెళ్లింది. ఈ రెండు పతనాలనీ నువ్వు ఒకే గొంతుతో చెప్పావు. మొదటిది గట్టిగా చెప్పు, రెండోది మెల్లగా. ఆ మ్యాచ్‌లో ఆయన బోర్డు పిన్నుల మీద కూడా పడ్డాడు. తీరా మ్యాచ్ అయిపోయి తెర వెనక్కి వెళ్లాక, "నేను పిన్నులు వాడానా?" అని అండర్‌టేకర్‌నే అడిగాడట. చేతినిండా అవి దిగబడే ఉన్నాయి. ఈ ప్రశ్న దగ్గర పేరా ఆపెయ్.

1995 ఆగస్టులో జపాన్‌లోని కవాసకీలో రెజ్లర్ టెర్రీ ఫంక్‌తో ఆడిన టోర్నీ ఫైనల్‌కి విశేషణాలు అక్కర్లేదు. ముళ్లతీగ, పేలుడు పదార్థాలు, బేస్‌బాల్ స్టేడియం. గెలిచింది ఫోలీ. చాలు, ముందుకి పద.

నువ్వు నిలబడాల్సిన చోటు అనహైమ్. 1999 జనవరి, ప్రత్యర్థి ది రాక్. "ఇక నావల్ల కాదు" అని నోటితో ఒప్పుకున్నవాడు ఓడినట్టు. ఫోలీ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. తల మీద కుర్చీతో 5 దెబ్బలని ముందు మాట్లాడుకున్నారు. పడినవి 11. ముందు వరసలో ఆయన భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. ఒక డాక్యుమెంటరీ కెమెరా వాళ్ల మీదే ఉంది. నువ్వు "కుటుంబం కన్నీరుమున్నీరైంది" అని దాటేశావు! రెండు దెబ్బలు రింగులో చూపించు. మూడో దెబ్బ నుంచి తల తిప్పి ఆ ముందు వరసనే చూడు. కుర్చీ చప్పుడు వినిపిస్తే చాలు. తర్వాత ఆ ఫిల్మ్ ఫోలీకి చూపించారు. తండ్రిగా తన మీద తనకున్న నమ్మకం సడలిందని ఆయనే చెప్పుకున్నాడు. పైగా చివర్లో మైకులో వినిపించిన "నావల్ల కాదు" అప్పుడు ఆయన నోటి నుంచి రాలేదు, అంతకుముందు రికార్డు చేసిన గొంతు వేశారు. కథలో భాగమే అది. దాన్ని ఎలా వదిలేశావయ్యా?

2010లో ఆ పోటీలు నడిపే WWE కంపెనీ తల మీద కుర్చీ దెబ్బల్ని ఆపించింది. ఆ సంగతి చివర తగిలించి నీతి చెప్పాలని చూస్తావు, నిన్ను నేనెరుగుదును. వద్దు.

మొదలు ఎక్కడా అని అడిగావు. 1983లో కాలేజీ కుర్రాడు ఫోలీ దారినపోయే బళ్లు ఆపి ఎక్కుతూ న్యూయార్క్ వెళ్లాడు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెజ్లర్ జిమ్మీ స్నూకా బోను మీంచి దూకడం చూశాడు. అక్కణ్ణుంచి ఎత్తుకో. నువ్వూ ఏదో ఒకటి చూసే కదా రాయాలనుకున్నావు.

మరో సంగతి, ఇది వ్యాసానికి కాదు, నీకు. ఆయన ఆత్మకథ రాసిపెట్టడానికి ప్రచురణకర్తలు వేరే రచయితని పెట్టారు. ఆ రాత ఆయనకి నచ్చలేదు. తనే కాగితం, పెన్ను పట్టుకుని 700కి పైగా పేజీలు చేత్తో రాశాడు. 1999లో అచ్చయింది, అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. నువ్వేమో రెండో ప్రతి టైప్ చేయడానికి బద్ధకిస్తున్నావు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి రా. కొత్త ప్రతి తీసుకురా, ప్రింటు పెద్దక్షరాల్లో ఉండాలి. పక్కింటి పెద్దాయనతో మాట్లాడి పెట్టాను. మోచెయ్యి సంగతి వెంటనే ఎత్తకు. ఆయన ముందు అట్టపెట్టెలు ఎలా పేర్చాలో చెబుతారు, అదే గంట పడుతుంది.

ఉంటాను,
మీ అన్నయ్య