టెక్ సందేహాలు: టిక్కు పెట్టేస్తే పనైపోయినట్టేనా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. చెక్‌లిస్టుకి ఏ యాప్ మంచిది అని. అడిగినవాళ్లలో ఒకాయనకి టెంట్‌హౌస్ ఉంది, ఒకాయన రైస్‌మిల్లులో సూపర్‌వైజర్, ఒకావిడ వాళ్లమ్మ గురించి రాసింది, ఇంకో అబ్బాయి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. నలుగురికీ కలిపి ఒక యాప్ పేరు చెప్పి తప్పించుకోవచ్చు, కానీ వీళ్ల లిస్టులు ఒకదానితో ఒకటి పోలవు. అందుకే విడివిడిగా.

అన్నా, మాది దేవరకొండలో టెంట్‌హౌస్. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కో రోజు మూడు నాలుగు ఆర్డర్లు పోతాయి. సామాను లిస్టు రాసి మా పోరగాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతా. అయినా ఒకచోట గంటెలు పోతాయి, ఇంకోచోట నుంచి బగోనాల (పెద్ద వంట గిన్నెల) మూతలు రావు. మంచి చెక్‌లిస్టు యాప్ ఏదైనా చెప్పండి, పైసలు పెట్టడానికైనా రెడీ.

పైసలు జేబులోనే ఉంచుకోండి తమ్ముడూ, ఇప్పుడే వద్దు. ముందు వాట్సాప్ సంగతి. పొద్దున ఆరింటికి మీరు లిస్టు పెడతారు, ఎనిమిదింటికల్లా దాని మీద రెండు గుడ్‌మార్నింగులు, ఒక లొకేషన్, నాలుగు వాయిస్ మెసేజ్‌లు వచ్చి పడతాయి. లిస్టు ఎక్కడో పైకి పోతుంది. ఎవడో ఒకడు దాన్ని కాపీ చేసి, పార్టీవాళ్లు ఇంకో యాభై కుర్చీలు అడిగారని మార్చి మళ్లీ పెడతాడు. ఇప్పుడు గ్రూపులో రెండు లిస్టులు, డ్రైవర్ చూసేది పాతది.

అయితే అసలు చిక్కు వాట్సాప్‌తో కాదు, టిక్కుతో. చెక్‌లిస్టు యాప్ ఏదైనా పేరు పక్కన ఒక డబ్బా ఇస్తుంది. ఆ డబ్బాకి ఉంది, లేదు అనే రెండే తెలుసు. మీరు పంపింది 200 కుర్చీలు, వచ్చింది 196. 'కుర్చీలు' పక్కన టిక్కు పడిపోతుంది, అబద్ధమూ కాదు, కుర్చీలు వచ్చాయి కదా! మీకు కావాల్సింది లెక్క. దానికి గూగుల్ షీట్స్ చాలు, ఉచితం.

నాలుగు నిలువు వరసలు పెట్టండి: సామాను, పోయినవి, వచ్చినవి, తేడా. తేడా దగ్గర పోయినవాటిలోంచి వచ్చినవి తీసేసే ఫార్ములా ఒక్కసారి రాసి కిందిదాకా లాగండి. తేడా సున్నా కాకపోతే ఆ గడి ఎర్రగా మారేట్టు కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. బండి తిరిగొచ్చేదాకా ఆ వరసంతా ఎర్రగానే ఉంటుంది, సామాను దింపుతూ అంకెలు వేస్తున్న కొద్దీ తెల్లబడుతూ వస్తుంది. చివరికి ఎర్రగా మిగిలింది ఏదో అది ఫంక్షన్ హాల్లోనే ఉండిపోయినట్టు. అప్పుడే ఫోన్ చేస్తే దొరుకుతుంది, వారం తర్వాత చేస్తే వంటవాళ్ల మీద చెప్తారు, వంటవాళ్లు మీ పోరగాళ్ల మీద చెప్తారు.

ఇదంతా తయారు చేయడానికి ఎవరి కంప్యూటర్ ముందైనా ఒక అరగంట కూర్చోండి, ఫోన్‌లో తంటాలు పడొద్దు. ఖాళీ లిస్టు ఒకటి అసలుగా ఉంచి, ఆర్డర్ వచ్చినప్పుడల్లా దాన్ని డూప్లికేట్ చేసి పార్టీ పేరు, తారీఖు పెట్టుకోవాలి. 'సామాను', 'పోయినవి', 'తేడా' వరసలకి ప్రొటెక్ట్ పెట్టేయండి, పిల్లలు 'వచ్చినవి'లో మాత్రమే అంకెలు వేయగలుగుతారు. మీ చుట్టుపక్కల తండాల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరే ముందే ఆ షీటుని ఫోన్‌లో ఆఫ్‌లైన్‌కి మార్చుకోమనండి. నెట్ వచ్చాక అంకెలు వాటంతట అవే ఎక్కుతాయి. కాకపోతే ఒక ఆర్డర్‌కి ఒక్కడే లెక్క వేయాలి, ఇద్దరు వేస్తే ఒకడి అంకె మీద ఇంకొకడి అంకె పడుతుంది.

ఇంకో రెండు మాటలు, ఇవి సాఫ్ట్‌వేర్ గురించి కాదు. బగోనా 5 అని రాస్తే మూతలు లెక్కలోకి రావు, మూతకి వేరే వరస ఉండాల్సిందే. గంటెలు, జల్లి గంటెలు, నీళ్ల మగ్గులు కూడా అంతే. 'చిన్న సామాను' అని ఒక్క ముక్కలో రాసిన రోజే అవి పోవడం ఖాయం. రెండోది, లిస్టుని బండిలో ఎక్కించే వరసలో రాయండి. కింద కార్పెట్లు, పైన కుర్చీలు ఎక్కిస్తే లిస్టులోనూ అదే వరస. చదువుతూ ఎక్కిస్తే ఏదీ దాటిపోదు.

సార్, మిర్యాలగూడలో రైస్‌మిల్లు. షిఫ్టు మొదలయ్యే ముందు ఆపరేటర్లు 60 అంశాల లిస్టులో టిక్కులు పెట్టాలి. కాగితం మీద ఉన్నప్పుడు చూడకుండా గీతలు గీకేవాళ్లు. యాప్‌లోకి మార్చాం, ఇప్పుడు చూడకుండా టిక్కులు కొడుతున్నారు. నిజంగా మిషన్ దగ్గరికి పోయి చూశారో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉందా?

అలాంటిది లేదండీ. మనిషి చూశాడా లేదా అన్నది ఏ యాప్‌కీ తెలియదు, వేలు తగిలిందా లేదా అన్నదే తెలుస్తుంది. కానీ అడిగే తీరు మార్చొచ్చు.

'బాయిలర్ ప్రెషర్ చూశారా?' అని అడిగితే జవాబు ఎప్పుడూ 'చూశాం' అనే వస్తుంది. 'ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తోంది?' అని అడగండి. డ్రయర్ టెంపరేచర్ ఎంత, మోటార్ ఎన్ని ఆంప్స్ తీసుకుంటోంది, పాలిషర్ బేరింగ్ దగ్గర చెయ్యి పెట్టగలిగేంత వేడేనా కాదా. అంకె రాయాలంటే మనిషి గేజ్ దాకా పోవాలి. ఒకడు వారమంతా ఒకే అంకె వేశాడంటే వాడు కుర్చీలోంచి లేవలేదని మీకే తెలిసిపోతుంది.

ఇందుకు గూగుల్ ఫామ్స్ సరిపోతుంది. పంపిన టైమ్ దానంతట అదే షీటులో నమోదవుతుంది, ఎనిమిదింటి షిఫ్టు చెకింగ్ పదకొండింటికి నింపితే దాచుకోలేరు. ఏ అంకె ఎంతకీ ఎంతకీ మధ్య ఉండాలో కూడా పెట్టొచ్చు, కానీ జాగ్రత్త, హద్దు దాటిన అంకెని ఫామ్ తీసుకోకపోతే తెలివిగలవాడు తీసుకునే అంకె వేసి పోతాడు, మీకు తెలియాల్సిన అసలు సంగతి అక్కడే మాయమవుతుంది. అందుకే అక్షరాలకి బదులు అంకెలే రావాలి అన్నంత వరకే ఆ కట్టడి పెట్టండి, హద్దులు షీటులో చూసుకోండి. ఫొటో అడగాలంటే ఆపరేటర్ తన గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, ఆ ఫొటోలన్నీ మీ డ్రైవ్‌లోకి చేరతాయి. జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నింటికీ కలిపి ఉచితంగా వచ్చేది 15 జీబీనే. బాయిలర్ నీటిమట్టం చూపించే గేజ్ గ్లాసు ఒక్కదానికి అడగండి, చాలు.

ఫామ్ లింకుని క్రోమ్‌లో తెరిస్తే షేర్ దగ్గర క్యూఆర్ కోడ్ వస్తుంది. ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి మిషన్ పక్కనే తగిలించండి. దాన్ని కూడా ఫొటో తీసుకుని టీ కొట్టు దగ్గర కూర్చుని స్కాన్ చేసే మహానుభావులు ఉంటారు, అంకె అడగమన్నది అందుకే.

ఇక 60 అంశాలు. ఎవరికైనా విసుగొస్తుంది, మీ ఆపరేటర్లని పూర్తిగా తప్పుపట్టలేను. ఆపరేషన్ థియేటర్లలో వాడడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులో ఉన్నవి 19 అంశాలే. అవి కూడా ఒక్కసారి కాదు: మత్తు ఇచ్చేముందు కొన్ని, కోత పెట్టేముందు కొన్ని, రోగిని థియేటర్ నుంచి బయటికి తెచ్చేముందు కొన్ని. మనిషి ప్రాణానికి 19 సరిపోతే వడ్లకి 60 ఎందుకు? మీ లిస్టుని కూడా మూడు ముక్కలు చేయండి: స్విచ్ వేసేముందు, లోడ్ మీద నడుస్తుండగా, ఆపాక. ఎలివేటర్ బెల్ట్, ఫ్యాన్ బెల్ట్, ఆయిల్ మొదటి ముక్కలోకి పోతాయి. ఊడ్చారా, లైట్లు వెలుగుతున్నాయా లాంటివి వారానికి ఒకసారి చూసే లిస్టులోకి నెట్టేయండి. అన్నట్టు, బాయిలర్ లాగ్‌బుక్ మాత్రం ఆపొద్దు, ఫామ్ దానికి అదనం.

డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్లు ఇలాంటి తనిఖీల కోసమే ఉన్నాయి. సేఫ్టీకల్చర్ అని ఒకటి, ఒకప్పుడు ఐఆడిటర్ అనేవాళ్లు. తేడాగా ఉన్న రీడింగ్ కనబడగానే అది ఎవరో ఒకరికి పనిగా అంటుకోవాలి, వాళ్లు చేసేదాకా వదలకూడదు అన్న అవసరం మీకు వస్తే అప్పుడు చూడండి. ఈలోపు 'రబ్బర్ రోల్ మార్చాలి', 'సార్టెక్స్ (రంగు తేడా గింజలు ఏరే మిషన్) మెకానిక్‌ని పిలవాలి' లాంటివి ట్రెల్లో అనే యాప్‌లో ఒక్కో పనికి ఒక్కో కార్డుగా పెట్టుకోవచ్చు. ఉచిత ప్లాన్‌లో ఒక వర్క్‌స్పేస్‌కి 10 మంది దాకా కుదురుతుంది. రోజూ చూసే లిస్టుని మాత్రం అందులో పెట్టకండి. రోల్ మార్చేశాక ఆ కార్డు పని అయిపోయింది. రోజువారీ లిస్టు రేపు పొద్దున మళ్లీ ఖాళీ డబ్బాలతో లేవాలి. ఈ రెంటినీ ఒకేచోట కలిపినవాళ్లే యాప్ బాలేదని ఎక్కువగా రాస్తుంటారు నాకు.

మా అమ్మ మహబూబ్‌నగర్‌లో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. బీపీ, షుగర్ గోలీలు వేసుకుందో లేదో తెలియక రోజూ టెన్షన్. తను టిక్కు పెడితే నా ఫోన్‌లో కనబడాలి. ఒక యాప్ పెట్టాను కానీ తన ఫోన్‌లో రిమైండర్ మోగడమే లేదు.

మోగకపోవడం యాప్ తప్పు కాకపోవచ్చు అమ్మా. మన దగ్గర అందరూ కొనే ఫోన్లలో చాలావరకు బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లని నిద్రపుచ్చేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ దగ్గరికి పోయి బ్యాటరీని 'అన్‌రిస్ట్రిక్టెడ్'కి మార్చండి, షావోమీ లాంటి ఫోన్లలో 'ఆటోస్టార్ట్' అని ఇంకోటి ఉంటుంది, అదీ ఆన్ చేయండి. నోటిఫికేషన్ పర్మిషన్, అలారమ్స్ అండ్ రిమైండర్స్ పర్మిషన్ కూడా చూడండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, స్క్రీన్ ఆపి, ఓ గంట తర్వాత మోగేట్టు పెట్టి పరీక్షించండి. చేతిలో పట్టుకుని రెండు నిమిషాలకి పరీక్షిస్తే అన్నీ మోగుతాయి.

ఇద్దరూ చూసుకునే లిస్టు కావాలంటే మైక్రోసాఫ్ట్ టు డూ బాగుంటుంది, రోజూ తిరిగొచ్చేట్టు పెట్టుకోవచ్చు, లింకు పంపి షేర్ చేసుకోవచ్చు. గూగుల్ టాస్క్స్‌లో మన సొంత లిస్టుని ఇంకొకరితో పంచుకునే వీల్లేదు. గూగుల్ కీప్‌లో పంచుకోవచ్చు గానీ దాని రిమైండర్లు ఇప్పుడు టాస్క్స్‌లోకే పోతున్నాయి.

ఇంత చెప్పాక నా మనసులో మాట: గోలీలకి ఇవేవీ వద్దు. ఫోన్ గడియారంలోనే రెండు అలారాలు, 'పొద్దుటి గోలీ', 'రాత్రి గోలీ' అని పేరు పెట్టి, రోజూ మోగేట్టు. దానికి నెట్ కూడా అక్కర్లేదు. మందుల షాపులో వారానికి సరిపడా గదులున్న గోలీల డబ్బా అడగండి, ఆదివారం నాడు నింపుకుంటే గది ఖాళీ అయిందా లేదా అనేదే టిక్కు. రాత్రి ఎట్లాగూ ఫోన్ చేస్తారు కదా, వీడియోకాల్‌లో ఆ డబ్బా చూపించమనండి. టిక్కు పెట్టి గోలీ మరిచిపోవడం కుదురుతుంది, గది ఖాళీ చేసి మరిచిపోవడం కష్టం.

అచ్చంపేట నుంచి అన్నా, గ్రూప్-2 ప్రిపరేషన్. సిలబస్ ట్రాక్ చేయడానికి టోడూయిస్ట్ డబ్బులు కట్టి తీసుకోవాలా, నోషన్ నేర్చుకోవాలా?

రెండూ వద్దు. టోడూయిస్ట్ ఉచిత ప్లాన్‌లోనే 5 ప్రాజెక్టులు, అంటే 5 వేర్వేరు లిస్టులు, వస్తాయి, నీకు పేపర్లు నాలుగే. నోషన్ మంచిదే కానీ దాని రంగులు, బొమ్మలు సర్దుతూ వారం గడిపేసి ఆ వారంలో పాలిటీ ఒక్క పేజీ చదవని పిల్లల్ని చూశాను. ఏది వాడినా నెలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసుకో, అంటే లిస్టుల కాపీ ఒకటి నీ దగ్గర దాచుకో. వండర్‌లిస్ట్ అని చాలామంది ప్రాణంలా వాడిన యాప్ ఉండేది, 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే 6న మూసేసింది. ముందే చెప్పి, లిస్టుల్ని టు డూలోకి మార్చుకోమన్నారు, పట్టించుకోనివాళ్లు ఇబ్బందిపడ్డారు. రివిజన్ లిస్టు మాత్రం కీప్‌లో పెట్టుకో. ఒక విడత అయ్యాక మూడు చుక్కల్లో 'అన్‌చెక్ ఆల్ ఐటమ్స్' నొక్కితే టిక్కులన్నీ పోయి లిస్టు మళ్లీ కొత్తగా తయారవుతుంది.

ఆ ఒక్క బటన్ కోసమే నేనూ కీప్ వదలను. నల్లగొండలో ఇల్లు తాళం వేసి బస్సెక్కితే సరిగ్గా నార్కట్‌పల్లి దాటాకే అనుమానం మొదలవుతుంది నాకు, మోటార్ ఆపానా, గ్యాస్ కట్టేశానా అని. ఇప్పుడు ఏడు వరసల లిస్టు ఒకటి ఉంది: గ్యాస్, మోటార్, గీజర్, ఇస్త్రీపెట్టె, వెనక తలుపు, డాబా తలుపు, పాలవాడికి ఫోన్. మొదట్లో ఆటో వచ్చిందని గేటు దగ్గర నిలబడి ఏడూ టకటకా కొట్టేసేవాణ్ణి, మిల్లు ఆపరేటర్లని నేనేం అంటాను? ఇప్పుడు స్విచ్ మీద ఒక చెయ్యి ఉండగానే రెండో చేత్తో టిక్కు. ఆటోవాడు హారన్ కొట్టుకుంటూనే ఉంటాడు.