సమాధానం: చిటికెన వేలు నొక్కేస్తున్న ఆఫీసు షూ

షూ వేసుకున్న గంటకే చిటికెన వేలు మంటపుడుతోందని, ఒక సైజు పెద్దది తీసుకుంటే మడమ జారిపోతోందని రాశారు కదండీ. నాకైతే తేడా పొడవులో కాదు, వెడల్పులో ఉందనిపిస్తోంది. సాయంత్రం పూట, అంటే పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, తెల్ల కాగితం మీద బరువంతా వేసి నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయించుకోండి. దాని మీద షూ పెట్టి చూడండి. గీత బయటికి కనిపిస్తోందా, ఆ జత మీది కాదు. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేదే కొనాలి. పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ చాలు. "వాడితే సాగుతుందండీ" అంటారు షాపులో. నేను నమ్మి ఆనెకాయ తెచ్చుకున్నాను! వైడ్ ఫిట్‌లో, అంటే వెడల్పు ఎక్కువుండే రకంలో, లేసులున్నవి అడగండి, మడమ జారదు. షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.