డెర్మటోమయోసైటిస్ ఉన్నవాళ్లు వ్యాయామం చేయొచ్చా? నాకు జరిగింది చెబుతాను

మీ అమ్మగారికి డెర్మటోమయోసైటిస్ (కండరాలు, చర్మం వాచే జబ్బు) అని తేలి రెండు నెలలైందని, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారని రాశారు. డాక్టరు వ్యాయామం మొదలుపెట్టమంటే, ఇంట్లో పెద్దవాళ్లు "కండరాలు వాచి ఉన్నప్పుడు కదిలిస్తే ఇంకా పాడవుతాయి" అంటున్నారని, ఎవరి మాట వినాలని అడిగారు. డాక్టరు మాటే వినండి. పెద్దవాళ్ల భయం కూడా నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే జరిగింది.

నాకు ఈ జబ్బు 34వ ఏట వచ్చింది. మొదట జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవలేదు. తర్వాత పూజ దగ్గర కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేవాల్సి వచ్చేది. కనురెప్పలు ఊదారంగుకు తిరిగితే ఎలర్జీ అనుకున్నాం. మూడు నెలలు బలానికి ఇంజెక్షన్లు చేయించుకున్నాక, ఒక డాక్టరు సీపీకే పరీక్ష రాశారు, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్‌ను కొలిచే పరీక్ష అది. రెండు వందల లోపు ఉండాల్సింది ఆరు వేలు దాటింది.

మందులతో సీపీకే దిగింది, నేను మాత్రం మంచం దిగలేదు. మా అత్తయ్య మంచినీళ్ల గ్లాసు కూడా చేతికే అందించేది. అదంతా ప్రేమే. నాలుగో నెలకు రిపోర్టు నార్మల్, తొడలు మాత్రం సన్నబడిపోయాయి. అప్పుడు డాక్టరు చెప్పారు: ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్ కూడా తొడ కండరాలను కరిగిస్తుంది, అది సీపీకేలో కనిపించదు, దానికి తోడు పడుకునే ఉండటం. ఈ సంగతి ఇంకా ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒకప్పుడు డాక్టర్లు కూడా విశ్రాంతే చెప్పేవారు. 1990ల నుంచి ఆ మాట మారింది. 1998లో వియన్నా పరిశోధకులు 14 మంది మీద అధ్యయనం చేశారు. కొందరితో ఆరు వారాలు సైకిలు తొక్కించారు, మెట్టు ఎక్కి దిగే వ్యాయామం చేయించారు. వాళ్లకు బలం పెరిగింది, జబ్బు ముదరలేదు. 2000లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా వైద్య సంస్థకు చెందిన ఫిజియోథెరపిస్టు హెలెనె అలెగ్జాండర్సన్, రుమటాలజిస్టు ఇంగ్రిడ్ లుండ్‌బర్గ్ బృందం ఇంకో అడుగు వేసింది. వాళ్లు తీసుకున్నది మీ అమ్మగారి లాంటివాళ్లనే, అంటే జబ్బు కొత్తగా బయటపడి ఇంకా చురుగ్గా ఉన్నవాళ్లను. 12 వారాలు, వారానికి 5 రోజులు, ఇంట్లోనే 15 నిమిషాల వ్యాయామం, 15 నిమిషాల నడక. కండరాల్లో వాపు పెరిగిన గుర్తులు కనిపించలేదు. అరుదైన జబ్బు కాబట్టి ఇవి చిన్న అధ్యయనాలే, కానీ తర్వాత వచ్చినవీ ఇదే చెప్పాయి.

అయితే మందు పనిచేస్తుంటేనే వ్యాయామం నిలుస్తుంది. మాత్రలతో బలం రాకపోతే ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించే చికిత్స) గురించి అడగండి. ప్రోడెర్మ్ అనే ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. అందులో 95 మంది ఉన్నారు, 16వ వారానికి ఐవీఐజీ తీసుకున్నవాళ్లలో 79 శాతం మందికి మెరుగైంది, మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 44 శాతం మందికే. ఖర్చు చాలా ఎక్కువ, ముందే కనుక్కోండి.

నేను మొదలుపెట్టింది కుర్చీతో. ఎత్తు కోసం కుర్చీలో దిండు వేసుకుని, చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చునేదాన్ని. మొదటిరోజు 31 సెకన్లు పట్టింది. రోజూ క్యాలెండర్ మీద రాసుకున్నాను. మూడు నెలలకు 14 సెకన్లు, దిండు లేకుండా. చేతులకు అర లీటరు నీళ్ల సీసా. నొప్పి మర్నాటికి కూడా తగ్గకపోతే ఆ రోజు సగమే చేయమనేవారు మా ఫిజియో.

ఒక్క విషయంలో జాగ్రత్త. నీళ్లు తాగితే పొలమారుతున్నా, ముద్ద దిగకపోయినా, నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి. ఈ జబ్బు గొంతు కండరాలనూ, ఊపిరితిత్తులనూ పట్టొచ్చు. పెద్దవయసులో ఇది వస్తే క్యాన్సర్ పరీక్షలు కూడా రాస్తారు, ఆ కాగితం చూసి అమ్మగారు టెన్షన్ పడకుండా ముందే చెప్పి ఉంచండి.

రేపు పొద్దున్న కుర్చీ గోడకు ఆనించి పెట్టి, మీరు పక్కనే నిలబడండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుని వచ్చేసారి డాక్టరుకు చూపించండి.