అవ్వ తాళం వేసిన చోట మొదలుపెట్టు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. చిత్తూరు నుంచి ఇంటిల్లిపాదీ, ఐదుగురు, బెంగళూరు వెళ్ళి రెండు రోజులుండి అగం బ్యాండు కచేరీ చూసొచ్చిన సంగతి పన్నెండు పేజీల్లో రాశావు. వాక్యం శుభ్రంగా ఉంది. ఇంక నాకు కోపం తెప్పించిన చోటికి వస్తాను.

ఏడో పేజీలో ఇలా రాశావు: "అవ్వ చెవుల్లో దూది పెట్టుకుని, తొడ మీద తాళం వేస్తా కూర్చునింది." వ్యాసం మొత్తంలో ఈ ఒక్క వాక్యం దగ్గర నా కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే "సంగీతానికి వయసుతో పనేముంది?" అని ఒక ప్రశ్న పడేసి, వేదిక మీది రంగు దీపాల వైపు పరుగెత్తావు. మిగతా ఐదు పేజీల్లో అవ్వ ఊసే లేదు. దీపాలు అన్ని కచేరీల్లోనూ ఉంటాయి. మీ అవ్వ ఆ ఒక్క కచేరీలోనే ఉంది.

ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ మోగుతుంటే డెబ్బై ఏళ్ళ మనిషి తాళం ఎలా పట్టగలిగింది? నీ వ్యాసం అడగాల్సిన ప్రశ్న అది. దానికి జవాబూ ఉంది. అగం వాళ్ళు కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపి వాయించే బెంగళూరు బృందం. వాళ్ళు ఆ సాయంత్రం పాడారని నువ్వు రాసిన 'మనవ్యాలకించరాదటే' త్యాగరాజస్వామి కృతి. నళినకాంతి రాగం, ఆదితాళం. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, ఆ తర్వాత దెబ్బ, అరచెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు. డ్రమ్స్ వాయించే అబ్బాయి నాలుగేసి లెక్కలో వాయిస్తాడు. ఆ నాలుగు రెండుసార్లు తిరిగితే అవ్వ ఎనిమిది పూర్తవుతుంది. గిటారు ఎంత గట్టిగా మోగినా లెక్క మారదు. మన ఊళ్ళలో పొద్దున్నే కీర్తనలు వింటూ, భజనల్లో కూర్చుంటూ పెరిగిన చెయ్యి అది. దానికి ఆ లెక్క ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇది నాలుగు వాక్యాల్లో రాసి ఉంటే వయసు గురించి నీ ప్రశ్న అవసరమే పడేది కాదు.

ఇంకొక సంగతి. మీరు వేదికకు చాలా వెనక కూర్చున్నారనీ, అవ్వ వేదిక పక్కనున్న పెద్ద తెర మీద చూసిందనీ రాశావు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వంద మీటర్ల వెనక కూర్చుంటే డ్రమ్ము మోత దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి వంద దెబ్బల వేగమనుకుంటే ఒక్కో దెబ్బకు 0.6 సెకను. అంటే వేదిక మీద కర్ర పడ్డానికీ మోత వినపడ్డానికీ మధ్య సగం అక్షరం తేడా. కంటిని నమ్మి తాళం వేసేవాళ్ళు తప్పుతారు. మీ అవ్వ చెవితో వేసింది కాబట్టి తప్పలేదు. నువ్వు పక్కనే కూర్చుని ఇది చూడకుండా ఫోనెత్తి వీడియో తీశావు. ఆ సంగతి నువ్వే రాశావు.

నేను ఇన్నేళ్ళుగా పట్టుకుని ఉన్న మాట చెప్తాను. యాత్ర రాసేటప్పుడు ఏర్పాటే కథ. ఎన్ని గంటల బస్సు, ఎవరు ఏ సీటు, గది ఎక్కడ, డబ్బా ఎవరి చేతిలో, టికెట్లు ఎవరి ఫోన్లో. కుటుంబంలో ప్రేమ ఈ పనుల్లోనే ఉంటుంది. వాటిని తీసేస్తే మిగిలేది "అద్భుతమైన అనుభూతి" అన్న మాట ఒక్కటే. నీ వ్యాసంలో ఆ మాట చాలా చోట్ల ఉంది, అన్నీ కొట్టెయ్.

దీనికి అడ్డం పడే సంపాదకులుంటారు. ఆదివారం పేజీల్లో టికెట్టు ధర, బస్సు మారిన చోటు కనబడితే ఎర్రగీత గీసి "ఇది సమాచారమమ్మా, సాహిత్యం కాదు" అంటారు. నా వ్యాసాల్లోనూ అలాంటి పేరాలు కత్తిరించి, ఆ ఖాళీలో సూర్యోదయం ఫొటో వేశారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మన తిరుపతి మీదుగానే వెళ్ళాడు. మజిలీల మధ్య దూరం, దారి ఎలాంటిది, నీళ్ళు, సరుకులు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ రాసుకుంటూ పోయాడు. ఆయన్ని ఇవాళ్టికీ చదువుతున్నది ఆ వివరాల కోసమే. ఆయన కాలంలో ఈ సంపాదకులు లేకపోవడం మన అదృష్టం.

ఇప్పుడు నీ మొదటి పేజీ. "మంచు తెరలు చీల్చుకుంటూ బస్సు సాగింది." ఈ మంచు తెరలు ఈమధ్య ప్రతి యాత్రా వ్యాసంలోనూ ఉంటున్నాయి. చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు. బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాటు ఎక్కాలి, ఎక్కితే పలమనేరు, ఆ తర్వాత నంగిలి దగ్గర కర్ణాటక మొదలు, ముళబాగిలు, కోలారు, హొసకోటె. బస్సులో అందరికీ గుర్తుండేది ఘాటు మలుపులు. మీ తమ్ముడికి వాంతులయ్యాయని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఎందుకయ్యాయి? లోపల సీటు కదలనట్టు కంటికి కనిపిస్తుంది, చెవి లోపలి తూకం మాత్రం మలుపుల్ని పట్టేస్తుంది. ఆ రెండూ పొసగక కడుపు తిప్పుతుంది. ఫోను చూస్తూ కూర్చున్న పిల్లవాడికి మరీ ఎక్కువ. అందుకే తెలిసిన తల్లులు పిల్లల్ని వెనక చక్రం మీది సీట్లో కాకుండా ముందు వరుసల్లో కూర్చోబెట్టి, దూరంగా రోడ్డును చూడమంటారు. పొద్దున రెండు ఇడ్లీలు మించి పెట్టరు. మాత్ర వేసేదుంటే బస్సెక్కే గంట ముందే వేస్తారు, ఘాటు మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే. మీ అమ్మ ఇందులో ఏం చేసింది, ఏం మరిచింది? అది రాయి.

పులిహోర డబ్బా సంగతి నన్ను నిజంగా బాధపెట్టింది. రెండో పేజీలో అమ్మ తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిందన్నావు. తర్వాత ఆ డబ్బా ఏమైందో చెప్పలేదు. చదివేవాళ్ళు డబ్బా వెంటే వస్తారమ్మాయీ. పులిహోర సాయంత్రం దాకా నిలవాలంటే అన్నం పళ్ళెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే పులుసూ పోపూ కలిపి మూత పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్ళై కారి, మధ్యాహ్నానికే వాసనేస్తుంది. అంత జాగ్రత్తగా చేసిన డబ్బాను కూడా కచేరీ గేటు దగ్గర లోపలికి పోనివ్వరు. బయటి తిండి, నీళ్ళ బాటిళ్ళు, చాలాచోట్ల పవర్ బ్యాంకులు కూడా ఆపేస్తారు. సామాను దాచే చోటు ఉంటుందన్న నమ్మకం లేదు. అందువల్ల నాలుగు గంటలకే గదిలో కూర్చుని తినేసి, ఖాళీ చేతులతో వెళ్ళాలి. మీరు గేటు దగ్గర పారేశారా, బయటే నిలబడి తిన్నారా? ఐదో పేజీలో "ప్రవేశద్వారం వద్ద కొంత ఇబ్బంది" అని ఉంది. ఆ ఇబ్బంది ఈ డబ్బాయే అయితే, నీ వ్యాసంలో గుండెకాయను నువ్వే తీసేసి పక్కన పెట్టావన్నమాట.

లేక ఆ ఇబ్బంది టికెట్లదా? ఐదు టికెట్లూ ఒకే ఫోన్లో ఉంటే ఐదుగురూ ఒక్కసారే లోపలికి పోవాలి. అవ్వ బాత్రూమ్‌కు వెళ్తే అందరూ ఆగాలి. వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడేసరికి గేటు దగ్గర నెట్ చచ్చిపోతుంది, యాప్ తెరుచుకోదు. క్యూఆర్ కోడ్ మారుతూ ఉండే టికెట్టయితే స్క్రీన్‌షాట్ పనికిరాదు. మారని టికెట్టయితే ముందురోజే తీసి ఇంకో రెండు ఫోన్లకు పంపి పెట్టుకోవచ్చు. బుక్ చేసినవాళ్ళ గుర్తింపు కార్డు అడిగే చోట్లూ ఉన్నాయి. మీ నాయన పేరుతో బుక్ చేసి కార్డు గదిలో మరిస్తే సాయంత్రం అక్కడే ముగుస్తుంది. పిల్లల వయసు నిబంధన కచేరీని బట్టి మారుతుంది, డబ్బు కట్టకముందే టికెట్టు పేజీ కిందిదాకా చదవాలి. ఇంత ఉంది ఆ "కొంత ఇబ్బంది"లో.

దూది దగ్గరికి వస్తాను. అవ్వ దూది పెట్టుకోవడం నీకు ముచ్చటగా కనబడింది. నాకు భయమేసింది. దూది చప్పుడును ఆపేది చాలా తక్కువ. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ మోతలో ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకూ సమయం సగమవుతుంది. 94కు గంట, 100కు పావుగంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికల కోసం ఇచ్చిన ప్రమాణంలో పావుగంట సగటు 100 డెసిబెళ్ళు మించరాదంది. రెండు గంటల కచేరీ అంటే చెవికి ఎంత భారమో నువ్వే లెక్కేసుకో. మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు దూదికంటే ఎన్నో రెట్లు మేలు, కానీ సరిగ్గా పెట్టాలి. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. బయట వేలాడుతుంటే పెట్టనట్టే. ఫోమ్ సన్నని స్వరాలను ఎక్కువగా మింగి మాట మసకబారుస్తుంది. పాట స్పష్టంగా వినాలనుకునేవాళ్ళకు ఫిల్టరున్న ప్లగ్గులు వేరే ఉన్నాయి. చిన్న పిల్లలకు ప్లగ్గులు నిలవవు, చెవుల్ని మొత్తం కప్పే మఫ్‌లు పెట్టాలి.

ఎక్కడ కూర్చోవాలన్నదీ రాయొచ్చు. కుర్చీ టికెట్టు దొరక్క నిలబడేవాళ్ళంతా వేదిక ముందుకే తోసుకుపోతారు. అక్కడ నేల మీద పెట్టిన బేస్ స్పీకర్ల మోత గుండెను తాకుతుంది, పైన వేలాడదీసిన స్పీకర్లలో పాడే గొంతు నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది. సౌండ్ ఇంజనీరు మిక్సర్ పెట్టుకుని కూర్చునే చోటు వేదికకు ఎదురుగా, మైదానం మధ్యలో ఉంటుంది. ఆయన తన చెవికి నచ్చేలా సరిచేస్తాడు కాబట్టి ఆ చుట్టుపక్కల వినిపించేదే అసలైన శబ్దం. దాని వెనక కంచె ఉంటుంది, పెద్దవాళ్ళు ఆనుకోవచ్చు, తోపులాట తక్కువ. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. చిత్తూరు ఎండకు అలవాటైనవాళ్ళు సాయంత్రం చలిని మరిచిపోయి అవ్వకు శాలువా తీసుకెళ్ళరు. మీరు తీసుకెళ్ళారా?

కచేరీ అయిపోయాక "జనసంద్రంలో కలిసిపోయాం" అన్నావు. ఎందుకు అందరూ ఒక్కసారే బయటికొస్తారో తెలుసా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఏడాదిలో కొన్ని రోజులకు మాత్రమే ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించగలదు. అందుకే మైదానంలో జరిగే కచేరీ పదికి ఠక్కున ఆగుతుంది, వేలమంది ఒకే గేటు వైపు తిరుగుతారు. ఆ నిమిషంలో క్యాబ్ దొరకడమే కష్టం, బుక్కయినా కారు గేటు దాకా రాలేదు. జనానికి ఎదురు దిక్కున కిలోమీటరు నడిచి, ఏదైనా పెట్రోల్ బంకు దగ్గర నిలబడి బుక్ చేస్తే వస్తుంది. అవ్వ అంత నడవలేదు కాబట్టి గదిని ముందే కచేరీ చోటికి దగ్గర్లోనో, మెట్రో స్టేషన్ పక్కనో తీసుకోవాలి. మనవాళ్ళు బస్సు దిగే మెజెస్టిక్ దగ్గర గది తీసుకుంటారు. వచ్చేటప్పటి సౌకర్యం చూస్తారు, రాత్రి పదిన్నరకు తిరిగొచ్చేది చూడరు. 2023 అక్టోబరు నుంచి కె.ఆర్.పురం నుంచి మెజెస్టిక్ దాకా పర్పుల్ లైన్ మెట్రో నేరుగా ఉంది. చిత్తూరు బస్సు కె.ఆర్.పురం మీదుగానే వస్తుంది కాబట్టి అక్కడే దిగి మెట్రో ఎక్కితే ఊళ్ళో ట్రాఫిక్ తప్పుతుంది. చివరి రైలు పదకొండు ప్రాంతంలో ఉంటుంది, కచేరీ రోజు సమయం ముందే కనుక్కోవాలి. స్మార్ట్ కార్డుతో వెళ్ళేటట్టయితే మనిషికొకటి కావాలి, ఒకే కార్డు మీద ఐదుగురిని పంపరు. పిల్లవాడి జేబులో నాయన నంబరు కాగితం మీద రాసి పెట్టాలి, తప్పిపోతే ఎక్కడ కలవాలో వెలుగుండగానే చూపించి పెట్టుకోవాలి. గేటు అని చెప్తే కుదరదు, గేట్లు చాలా ఉంటాయి.

మీ నాయన ఇవన్నీ చేసే ఉంటాడు. లేకపోతే ఐదుగురూ క్షేమంగా చిత్తూరు చేరేవాళ్ళు కాదు. నీ పన్నెండు పేజీల్లో ఆయన రెండు చోట్ల కనిపించాడు, రెండు చోట్లా డబ్బు తీసి ఇస్తూ. ఆయన ముందురోజు రాత్రి ఏం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడో అడిగి తెలుసుకో. అమ్మను డబ్బా గురించి అడుగు. అవ్వను ఏ పాటకు తాళం వేయడం ఆపేసిందో అడుగు, ఒకటైనా ఉండే ఉంటుంది. ఫోన్లో మిగిలిన టికెట్టు, బస్సు చీటీ, గది బిల్లు ముందు పెట్టుకుని గంటల వరసలో రాయి.

మొదటి ఆరు పేజీలు వదిలెయ్. ఏడో పేజీలో అవ్వ వాక్యంతో మొదలుపెట్టి, అక్కణ్ణుంచి వెనక్కి బస్సు దాకా వెళ్ళి, మళ్ళీ ముందుకు రా. పేజీకి ఒకవైపే రాసి, ఎడమపక్క మార్జిన్ వెడల్పుగా వదిలి, దసరాకు ముందు పంపు.

ఆశీస్సులతో.