ముందు ముట్టుకోనివ్వు

పర్లాకిమిడి

అమ్మాయీ,

వేడి గురించి పిల్లల కోసం నువ్వు రాసిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు, విషయంలో తప్పు లేదు. కానీ మొదటి పేరాలోనే ఉష్ణవహనం, సంవహనం, వికిరణం అంటూ వేడి ప్రయాణించే మూడు దారులూ నిర్వచించేశావు. అన్నీ ముందే చెప్పేస్తే పిల్లలు ప్రయోగం ఎందుకు చేస్తారు?

చివర్లో పెట్టిన ఐసు ముక్కల ప్రయోగాన్ని మొదటికి తీసుకురా. సత్తు పళ్లెం, చెక్క పీట రాత్రంతా ఒకే గదిలో ఉంచమను. పొద్దున్నే రెండిటి మీదా అరచేతులు ఆనించమను. పళ్లెం చల్లగా తగులుతుంది. ఇప్పుడు ఒకే సైజు ఐసు ముక్కలు చెరొకటి పెట్టించబోతూ ఆగి అడుగు: ఏది ముందు కరుగుతుంది? పీట మీదిదే అంటారు చాలామంది. పళ్లెం మీదిది చూస్తుండగానే నీరైపోతుంది. అప్పుడు వాళ్ల మొహాలు చూడాలి నువ్వు! నిజానికి పళ్లెం, పీట రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే. లోహం మన చేతిలోని వేడిని గబగబా లాగేస్తుంది కనుక చల్లగా తోస్తుంది. ఐసుకూ అంత గబగబానే వేడిని అందిస్తుంది. ఉష్ణవహనం అన్న మాట ఇక్కడ రాయి, గుర్తుండిపోతుంది.

ఇది చలికాలం ప్రయోగమని తప్పకుండా చెప్పు. మన చర్మం సుమారు 33 డిగ్రీలుంటుంది. వైశాఖంలో గదే 38 డిగ్రీలుంటే, అదే పళ్లెం పీటకన్నా వెచ్చగా తగులుతుంది. చలిదేశాల పుస్తకాలు చూసి రాస్తే ఈ సంగతి తట్టదు.

కాగితం కప్పులో నీళ్లు మరిగించేటప్పుడు పెద్దవాళ్లు పక్కనుండాలని పైనే రాయి. ఫిరంగి గొట్టం తొలుస్తుంటే పుట్టిన వేడి గురించి రంఫర్డ్ అనే శాస్త్రవేత్త 1798లో చెప్పిన కథను అరచేతులు రుద్దుకునే ప్రయోగం పక్కకు జరుపు. గుప్తోష్ణం, అంటే ఐసు కరగడానికి పట్టే వేడి, గ్రాముకు 80 కెలోరీలన్న లెక్క తీసెయ్. అది వేరే వ్యాసం.

ఇక భాష. ఈ ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్లింది. ఇక్కడ చాలామంది పిల్లలకు బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు రావాలని సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. నువ్వు ‘స్పర్శించినచో’ అన్న చోటల్లా ‘ముట్టుకుంటే’ అని మార్చు.

సంక్రాంతిలోపు తిరగరాసి పంపు. చలి ఉండగానే ఇక్కడి పిల్లల చేత చేయించి, ఎక్కడ తడబడ్డారో నీకు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు