కుక్కర్లో డికాక్షన్ తీస్తే త్వరగా, చిక్కగా వస్తుందా?

ఫిల్టర్‌లో డికాక్షన్ దిగడానికి అరగంట పడుతోంది, ఎస్ప్రెసో మెషీన్ ప్రెషర్‌తో అర నిమిషంలో దించేస్తోంది, మరి పొడి, నీళ్లు కుక్కర్లో పెట్టి రెండు విజిల్స్ రానిస్తే సరిపోదా అని అడిగారు. నేను చేసి చూశాను. వద్దు.

కొత్తగా రూమ్ తీసుకున్న రోజుల్లో ఫిల్టర్ కొనడానికి బద్ధకమేసి ఇదే పని చేశాను. విజిల్ వచ్చేసరికి ఘుమఘుమ కింది వాటా దాకా పోయింది, గ్లాసులో మాత్రం కషాయం మిగిలింది, చేదు తప్ప వాసన లేదు. వాసనంతా విజిల్‌తోనే పోయింది మరి.

కుక్కర్లో ఒత్తిడి బయటికంటే దాదాపు 1 బార్ (అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఎక్కువ, అందుకని నీళ్లు 100 దగ్గర ఆగకుండా 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఎస్ప్రెసోలో 9 బార్ ఉన్నా నీళ్లు 90-96 డిగ్రీలే, అక్కడ ప్రెషర్ ఉన్నది మెత్తటి పొడిని గట్టిగా అదిమితే అందులోంచి నీళ్లని తోయడానికి. రెండింటినీ ప్రెషర్ అనే అంటాం గానీ చేసే పని వేరు. పోనీ కెఫీన్ కోసమా అంటే, 100 మిల్లీలీటర్ల నీళ్లలో 25 డిగ్రీల దగ్గరే 2 గ్రాములు కరుగుతుంది, 80 దగ్గర 18. కప్పు కాఫీలో ఉండేది గ్రాములో పదో వంతు, దానికి 120 డిగ్రీలు ఎందుకు?

తర్వాత ఒక ఎక్స్‌ట్రాక్ట్ కంపెనీ ల్యాబ్‌లో దానిమ్మ తొక్కలతో ఇదే తలనొప్పి. ఆల్కహాల్ లేకుండా నీళ్లతోనే సారం తీయాలి. నీళ్లు 200 డిగ్రీల్లో కూడా ఆవిరవకుండా ఉండాలంటే 16 బార్ దాకా ఒత్తిడి కావాలి. అంత వేడిలో నీళ్లు నీళ్లలా ఉండవు, మామూలుగా 80 దాకా ఉండే డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్ (నీళ్లు ఎలాంటి పదార్థాల్ని కరిగించుకుంటాయో అంచనా ఇచ్చే అంకె) 250 డిగ్రీలకి 27కి పడిపోతుంది, అంటే దాదాపు ఆల్కహాల్‌తో సమానం, అందుకే మామూలు నీళ్లకి లొంగనివి కూడా కరుగుతాయి. మా బాస్‌కి మాత్రం ప్రెషర్ మీదే నమ్మకం. 20 నుంచి 60 బార్‌కి పెంచాం, పంపు మోత తప్ప ఏమీ పెరగలేదు. వేడిని 120 నుంచి 180కి పెంచితే దిగుబడి పెరిగింది, కానీ మూత తీయగానే మాడిన బెల్లం పాకం వాసన. చక్కెరలు విరిగిపోయాయి, బ్యాచ్ పారబోశాం.

మీరు నీళ్లు మరిగాక స్టవ్ ఆపి, అర నిమిషం ఆగి ఫిల్టర్‌లో పోయండి (అరకులో ఉంటే ఆగక్కర్లేదు, అక్కడ మరిగేదే 97 దగ్గర). పొడిని మరీ అదమకండి, చికోరీ ఎక్కువుంటే అసలు దిగదు. అరగంట ఆగే ఓపిక లేకపోతే మోకా పాట్ (స్టవ్ మీద పెట్టే కాఫీ పాత్ర) కొనుక్కోండి, అడుగున ఆవిరి ఒత్తిడితో ఐదారు నిమిషాల్లో నీళ్లు పైకొచ్చేస్తాయి, బుడబుడమని శబ్దం మొదలవగానే దించెయ్యాలి, లేకపోతే మళ్లీ నా కుక్కర్ కషాయమే.