బేకరీ ఆయన తిడితే అధికారి చావాలా?

ప్రశ్న: జర్మన్ బి1 (మధ్యస్థాయి) పూర్తయ్యాక ఆస్ట్రియా రచయిత ష్నిట్స్లర్ కథ 'లెఫ్టినెంట్ గుస్టల్' మొదలుపెట్టాను. బేకరీ నడిపేవాడు ఓ మాటన్నాడని సైనికాధికారి కాల్చుకు చస్తాననడం ఏమిటో బోధపడలేదు. సగం వాక్యాలు చుక్కల్లో ఆగిపోతున్నాయి కూడా.

– పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ జర్మన్‌ను అనుమానించకండి. చిక్కంతా అప్పటి ఆస్ట్రియా-హంగరీ సైన్యపు పరువు నియమాల్లో ఉంది. అధికారిని ఎవరైనా అవమానిస్తే ద్వంద్వయుద్ధానికి పిలవాలి. పిలవాలంటే అవతలివాడికి తగిన హోదా ఉండాలి. డాక్టరు పట్టా ఉన్నవాడికి అది ఉంటుంది, అందుకే మర్నాడు గుస్టల్ అలాంటి ఒకాయనతో తలపడాల్సి ఉంది. బేకరీవాడికి ఉండదు. అలాంటివాణ్ణి అక్కడికక్కడే కత్తితో కొట్టాలి, అంతే. ఇప్పుడు సంగీత కచేరీ అయ్యాక కోట్లు తీసుకునే చోటి తోపులాట మళ్లీ చదవండి. బేకరీ ఆయన గుస్టల్ కత్తిపిడి గట్టిగా పట్టుకుని, అల్లరి చేస్తే కత్తి విరిచి ముక్కలు రెజిమెంటుకు పంపుతానని మెల్లగా అంటాడు. కత్తి దూసే వీల్లేదు, పోరుకు పిలిచే వీల్లేదు. ఎవరూ వినలేదు కదా అనుకున్నా గుస్టల్‌కు ఊరట లేదు, తనకు తెలుసు కదా! చివరేమవుతుందో మేం చెప్పం.

ఈ కథ 1900 డిసెంబరు 25న 'నోయె ఫ్రయె ప్రెస్సె' దినపత్రికలో వచ్చింది. మరుసటి ఏడాది సైన్యం ష్నిట్స్లర్‌కున్న రిజర్వు అధికారి హోదా పీకేసింది. దెబ్బ తగలాల్సిన చోటే తగిలిందన్నమాట.

ఇక చుక్కలు. కథ చెప్పేవాడంటూ లేడు, అంతా గుస్టల్ తలలో నడిచేదే. మూడు రంగుల పెన్నులు తీసుకోండి: ఎదురుగా కనిపిస్తున్నది ఒకటి, పాత జ్ఞాపకం ఒకటి, రేపటి ఊహ ఒకటి. రెండు పేజీలు గీస్తే మిగతాది దానంతటదే విడిపోతుంది. మొదట్లోనే 'ఫీర్టెల్ ఔఫ్ త్సేన్' అని వస్తుంది. వియెన్నా లెక్కలో అది తొమ్మిదింపావు. పదింపావు అనుకుంటే ఆ రాత్రి కాలమంతా గంట జరిగిపోతుంది. వియెన్నా మ్యాపు పక్కన పెట్టుకుని రింగ్ వీధి, ఆస్పెర్న్ వంతెన, ప్రాటర్ పార్కు గుర్తిస్తూ పోండి.

ఆనాటి పత్రిక ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయం వారి 'అన్నో' సైటులో ఉచితం. పాత గోతిక్ అచ్చులో ఎస్, ఎఫ్ ఒకేలా ఉంటాయి. ఎస్‌కు అడ్డగీత కుడివైపుకు దాటదు.

తర్వాత ఇదే పద్ధతిలో రాసిన 'ఫ్రాయిలైన్ ఎల్జె' (1924) చదవండి. యోజెఫ్ రోత్ 'రాడెట్స్కీ మార్ష్' (1932) నవల మాత్రం పై స్థాయి బి2 అయ్యాకే.